సత్రంలో సామాను: సర్వర్ తాత్కాలిక ఫైళ్లు ఎక్కడ పెట్టాలి?

నెలల తరబడి బాగా నడిచిన సర్వర్ ఒక సోమవారం పొద్దున ఫైల్ అప్‌లోడ్‌లను మాత్రం తిరస్కరించడం మొదలుపెడుతుంది. లాగిన్ అవుతుంది, పేజీలు తెరుచుకుంటాయి, డేటాబేసు నిక్షేపంలా ఉంటుంది. లాగ్‌లో తాత్కాలిక అప్‌లోడ్ స్థలం చెల్లదంటూ ఒక లైను, ఆ లైనులో '/టీఎంపీ/టామ్‌క్యాట్' అని మొదలయ్యే ఒక పాత్ (ఫైలు ఉండే చోటి చిరునామా) కనిపిస్తాయి. రీస్టార్ట్ చేయగానే అంతా సర్దుకుంటుంది. మళ్లీ ఏ సంక్రాంతి సెలవుల తర్వాతో అదే కథ. డెవలపర్ విండోస్ ల్యాప్‌టాప్‌లో ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ తప్పు రాదు.

జరిగేది ఇది. జావా అప్లికేషన్లు రాసే ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్‌లో ఇమిడి ఉండే టామ్‌క్యాట్ అనే వెబ్ సర్వర్ స్టార్ట్ అయ్యేటప్పుడు సిస్టమ్ టెంప్ డైరెక్టరీలో (లినక్స్‌లో /టీఎంపీ) తన పోర్టు నంబరుతో, కొన్ని యాదృచ్ఛిక అంకెలతో ఒక డైరెక్టరీ సృష్టించుకుంటుంది. అప్‌లోడ్ అయిన ఫైళ్లు ముందు అందులో పడతాయి. రెడ్ హ్యాట్ కుటుంబపు లినక్స్‌లలో సిస్టమ్‌డీ-టీఎంపీఫైల్స్ అనే శుభ్రం చేసే ప్రోగ్రాము బూట్ అయిన 15 నిమిషాలకు ఒకసారి, ఆపైన రోజుకొకసారి నడుస్తుంది. /టీఎంపీలో 10 రోజులుగా, /వార్/టీఎంపీలో 30 రోజులుగా ఎవరూ తాకనివన్నీ తుడిచేస్తుంది. అప్‌లోడ్‌లు వస్తూ ఉంటే డైరెక్టరీ సమయ ముద్ర కొత్తదవుతూ ఉంటుంది కాబట్టి రద్దీ ఉన్న సర్వర్ ఈ గండాన్ని తప్పించుకుంటుంది. రద్దీ లేనిదే దెబ్బతింటుంది. ప్రాసెస్ బతికే ఉంటుంది, దాని మెమరీలో పాత్ అలాగే ఉంటుంది, డిస్కు మీద మాత్రం ఆ డైరెక్టరీ ఉండదు. స్ప్రింగ్ బూట్ తర్వాతి వెర్షన్లలో, డైరెక్టరీ కనిపించకపోతే టామ్‌క్యాట్ మళ్లీ సృష్టించుకునేలా మార్చారు. పాత వెర్షన్ల మీద నడుస్తున్న సర్వర్లు ఇంకా తక్కువేమీ కాదు.

ఇందులో శుభ్రం చేసే ప్రోగ్రాము తప్పేమీ లేదు. సిస్టమ్ టెంప్ డైరెక్టరీ సత్రం లాంటిది. ఎవరైనా దిగవచ్చు, అద్దె ఉండదు, కానీ గది ఎప్పుడు ఊడ్చాలో నిర్ణయించేది సత్రం వారే. లినక్స్ డైరెక్టరీల అమరికను నిర్దేశించే ప్రమాణం కూడా ఇదే చెబుతుంది: /టీఎంపీలో పెట్టినది ప్రోగ్రాము మరోసారి నడిచేనాటికి ఉంటుందని అనుకోకూడదు, /వార్/టీఎంపీలోది రీబూట్‌ను తట్టుకోవాలి. చిక్కంతా సర్వర్ రాసేవాళ్లు 'తాత్కాలికం' అన్న ఒక్క మాట కింద వేర్వేరు అవసరాలను కలిపేయడంలో ఉంది. ఒక రిక్వెస్టు నడిచే కొన్ని సెకన్ల పాటు కావలసిన చిత్తు ఫైలు ఒక రకం. పూర్తయ్యాక అసలు చోటికి తరలించాల్సిన సగం రాసిన ఫైలు మరో రకం. ప్రాసెస్ బతికున్నంతకాలం ఉండాల్సిన, ప్రాసెస్‌లు మాట్లాడుకునే సాకెట్, వాడుకలో ఉందని తెలిపే లాక్, విప్పి పెట్టిన లైబ్రరీ ఇంకో రకం. వీటిలో మొదటిది ఒక్కటే సత్రంలో ఉండదగ్గది.

ఈ కలగాపులగం ఎంత దూరం వెళ్లిందో పెద్ద ప్రాజెక్టుల నమూనా కాన్ఫిగరేషన్లు చూస్తే తెలుస్తుంది. సందేశాలను నిల్వచేసి అందించే అపాచీ కాఫ్కాతో వచ్చే సెట్టింగుల ఫైలులో సందేశాల డేటా డైరెక్టరీ '/టీఎంపీ/కాఫ్కా-లాగ్స్' అని ఉండేది. సర్వర్ల గుంపును సమన్వయం చేసే జూకీపర్ నమూనా ఫైలులో '/టీఎంపీ/జూకీపర్' అని రాసి, నిజమైన నిల్వకు దీన్ని వాడొద్దని పైన ఒక కామెంటు పెట్టారు. భారీ డేటాను అనేక మెషీన్ల మీద నడిపే హడూప్‌లో 'హడూప్.టీఎంపీ.డిర్' అనే సెట్టింగు /టీఎంపీ కిందే మొదలవుతుంది. దాని ఫైల్‌సిస్టమ్ హెచ్‌డీఎఫ్ఎస్‌లో ఫైళ్ల పట్టీ చూసే నేమ్‌నోడ్ తన మెటాడేటాను ఎక్కడ దాచాలో విడిగా చెప్పకపోతే దాని కిందే దాచుకుంటుంది. అంటే మొత్తం క్లస్టర్‌లో ఏ బ్లాకు ఏ ఫైలుదో తెలిపే ఏకైక పుస్తకం ఒక్క రీబూట్‌తో పోగలిగే చోట ఉంటుంది. ఐదు నిమిషాల్లో నడిపి చూడ్డానికి పెట్టిన విలువలు ఇవి. ఆ ఐదు నిమిషాల సెటప్పే తర్వాత ప్రొడక్షన్ అవుతుందని ఎవరికి తెలియదు?

ఇదే కాలంలో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేసు మాత్రం సత్రం సంగతి తెలిసి మసలుకుంది. దాని యునిక్స్ సాకెట్ మూల కోడ్ ప్రకారం /టీఎంపీలోనే ఉంటుంది, డెబియన్ వాళ్లు దాన్ని /వార్/రన్ కిందకు మార్చారు. శుభ్రం చేసే స్క్రిప్టులు సాకెట్‌ను ఎత్తుకుపోకుండా ప్రధాన ప్రాసెస్ 58 నిమిషాలకొకసారి ఆ సాకెట్‌కూ దాని లాక్ ఫైలుకూ సమయ ముద్ర కొత్తగా వేస్తుంది. సార్టింగుకు, హ్యాష్‌లకు పుట్టే పెద్ద తాత్కాలిక ఫైళ్లను అసలు సిస్టమ్ టెంప్‌లో పెట్టదు. తన డేటా డైరెక్టరీలోనే 'పీజీఎస్‌క్యూఎల్_టీఎంపీ' అని ఒక చోటు ఉంచుకుని, స్టార్ట్ అయ్యేటప్పుడు అక్కడ మిగిలిపోయినవాటిని తనే తుడుస్తుంది.

ఒకే కోడ్ వేర్వేరు ప్లాట్‌ఫారాల మీద నడవాలన్నప్పుడు మొదటి తికమక, టెంప్ ఎక్కడ అన్న ప్రశ్నకు ఎవరు జవాబు చెబుతారన్నది. యునిక్స్ సంప్రదాయంలో 'టీఎంపీడిర్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రాముకు బయటి నుంచి అందే సెట్టింగు) ఉంటే అది, లేకపోతే /టీఎంపీ. విండోస్ ఏపీఐ (ప్రోగ్రాములు పిలిచే ఫంక్షన్లు) వరుసగా 'టీఎంపీ', 'టెంప్', 'యూజర్‌ప్రొఫైల్' వేరియబుళ్లు చూసి, ఏదీ లేకపోతే విండోస్ డైరెక్టరీనే ఇస్తుంది. ఇచ్చిన చోటు నిజంగా ఉందో లేదో, రాయడానికి అనుమతి ఉందో లేదో అది చూడదు. గో భాష లైబ్రరీ కూడా ఆ హామీ ఇవ్వనని డాక్యుమెంటేషన్‌లోనే రాసుకుంది. పైథాన్ వీళ్లకంటే జాగ్రత్తపరురాలు. టీఎంపీడిర్, టెంప్, టీఎంపీ అన్న వరుసలో వెతికి, ప్రతిచోటా ఒక చిన్న ఫైలు రాసి చూసి మరీ ఒప్పుకుంటుంది. ఎక్కడా కుదరకపోతే ప్రస్తుత డైరెక్టరీలోకి దిగిపోతుంది. అందుకే అప్పుడప్పుడు అప్లికేషన్ కోడ్ ఫోల్డర్లో వింత పేర్ల ఫైళ్లు కనిపిస్తాయి. ఒకసారి తేల్చుకున్న జవాబును అది దాచుకుంటుంది కూడా. మధ్యలో వేరియబుల్ మార్చి లాభం లేదు.

నోడ్ జేఎస్ విండోస్‌లో ముందు టెంప్ చూసి తర్వాత టీఎంపీ చూస్తుంది. విండోస్ సొంత ఏపీఐది దీనికి తలకిందుల వరుస. రెండు వేరియబుళ్లూ ఒకే చోటును చూపినంతకాలం తేడా తెలియదు. ఎవరైనా సీ డ్రైవ్ నిండిపోతోందని ఒక్కదాన్నే డీ డ్రైవ్‌కు మారిస్తే, అదే మెషీన్ మీద డాట్‌నెట్ సర్వీసు ఒక చోట, నోడ్ సర్వీసు ఒక చోట రాస్తుంటాయి. ఒకటి రాసిన ఫైలును రెండోది వెతుక్కుంటూ ఉంటుంది.

జావా సంగతి మరీ విచిత్రం. లినక్స్ మీద 'జావా.ఐఓ.టీఎంపీడిర్' విలువ /టీఎంపీ అని జావా కిట్ జేడీకేలోనే ఖాయమై ఉంటుంది. టీఎంపీడిర్ వేరియబుల్‌ను అది పట్టించుకోదు. ఆపరేషన్స్ వాళ్లు సర్వీసు ఫైలులో వేరియబుల్ పెట్టి పని అయిపోయిందనుకుంటారు, జావా మాత్రం పాత చోటే రాస్తుంది. మైనస్ డీ ఆప్షన్‌తో కమాండ్ లైనులో ఇవ్వాలి, లేదా 'జావా_టూల్_ఆప్షన్స్' వేరియబుల్ ద్వారా అదే పంపాలి. ప్రోగ్రాము లోపల నుంచి ఆ ప్రాపర్టీ మార్చినా ఫలితం ఉంటుందన్న హామీ లేదు, ఎందుకంటే ఫైల్ క్లాసు మొదటిసారి చదివిన విలువనే పట్టుకుని ఉంటుంది. విడిగా ఇన్‌స్టాల్ చేసే టామ్‌క్యాట్ ఈ పని తన స్టార్టప్ స్క్రిప్టులోనే చేస్తుంది. 'కేటలినా_టీఎంపీడిర్' విలువ తీసుకుని, అది లేకపోతే తన బేస్ డైరెక్టరీలోని టెంప్ ఫోల్డరును జావాకు అందిస్తుంది. ఇమిడి ఉండే టామ్‌క్యాట్‌కు ఆ స్క్రిప్టు ఉండదు. వ్యాసం మొదట్లో చెప్పిన కథకు మూలం అక్కడే ఉంది.

పోర్టు 80 లేదా 443 మీద వినడానికి బైనరీకి ఫైల్ కేపబిలిటీ (రూట్ హక్కుల్లో ఒక భాగం) ఇచ్చే అలవాటు ఒకటుంది. అలాంటి బైనరీని కెర్నెల్ సురక్షిత పద్ధతిలో నడుపుతుంది, అప్పుడు లినక్స్ మూల సీ లైబ్రరీ గ్లిబ్‌సీ కొన్ని వేరియబుళ్లను ఎన్విరాన్‌మెంట్ నుంచి తీసేస్తుంది. టీఎంపీడిర్ ఆ జాబితాలో ఉంది. కేపబిలిటీ ఇచ్చిన రోజు నుంచి తాత్కాలిక ఫైళ్లు చెప్పాపెట్టకుండా /టీఎంపీకి మారిపోతాయి. ఈ రెంటికీ సంబంధం ఉందని ఊహించడం కష్టం, అందుకే వెతకడానికి రోజులు పడుతుంది. పోర్టు అనుమతిని సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ యూనిట్‌లో (సర్వీసు సెట్టింగుల ఫైలులో) యాంబియంట్ కేపబిలిటీగా (ఫైలుకు కాక ప్రాసెస్‌కు అందే హక్కుగా) ఇస్తే ఈ గొడవ ఉండదు.

మ్యాక్‌లో ప్రతి వాడుకరికీ /వార్/ఫోల్డర్స్ కింద పొడవాటి పేరుతో సొంత టెంప్ ఉంటుంది. అక్కడ /టీఎంపీ అన్నది /ప్రైవేట్/టీఎంపీకి సింబాలిక్ లింకు (వేరే చోటును చూపే పేరు), /వార్ కూడా అలాగే /ప్రైవేట్/వార్‌కు. ఇక్కడ రెండు రకాల తప్పులు పుడతాయి. అప్‌లోడ్ పాత్ టెంప్ డైరెక్టరీ లోపలే ఉందా అని చూసే భద్రతా తనిఖీలో, ఒకవైపు లింకులు విప్పిన అసలు పాత్, రెండోవైపు విప్పని పాత్ పోల్చితే ప్రతి ఫైలూ దొంగదిగా కనిపిస్తుంది. రెండు వైపులా అసలు పాత్ తీసుకుని పోల్చాలి. రెండోది యునిక్స్ సాకెట్ పొడవు. లినక్స్‌లో సాకెట్ పాత్‌కు 108 బైట్లు, మ్యాక్‌లో 104. టెంప్ పాతే దాదాపు సగం తినేస్తుంది, దాని కింద ప్రాజెక్టు పేరు, టెస్టు పేరు, ప్రాసెస్ నంబరు చేరితే హద్దు దాటిపోతుంది.

పాత్ చివర గీత ఉంటుందా లేదా అన్నది ఇంకో చిన్న ముల్లు. విండోస్ ఏపీఐ చివర బ్యాక్‌స్లాష్‌తో ఇస్తుంది, లినక్స్‌లో జావా ఇచ్చే దానికి ఉండదు. ల్యాప్‌టాప్‌లో పాత్‌కు ఫైలు పేరును ప్లస్ గుర్తుతో అతికించి పని జరిగినవాళ్లకు, సర్వర్ మీద '/టీఎంపీఅప్‌లోడ్' అని రూట్ డైరెక్టరీలో రాయబోయి అనుమతి లేదన్న తప్పు వస్తుంది. పాత్‌లు కలపడానికి ప్రతి భాషలోనూ ఫంక్షన్ ఉంది. దాన్ని వాడకపోవడానికి బద్ధకం తప్ప వేరే కారణం కనిపించదు.

విండోస్ సర్వీసుల విషయంలో ఏ అకౌంటు కింద నడుస్తుందన్నదే పాత్‌ను నిర్ణయిస్తుంది. మామూలు వాడుకరికి తన ప్రొఫైల్‌లోని యాప్‌డేటా, లోకల్, టెంప్. నెట్‌వర్క్ సర్వీస్‌కు విండోస్ డైరెక్టరీలోని సర్వీస్‌ప్రొఫైల్స్ కింద. సిస్టమ్ అకౌంటుకు చిరకాలంగా విండోస్\టెంప్. ఇందులో మామూలు వాడుకరులు కూడా ఫైళ్లు సృష్టించగలరు, సిస్టమ్ హోదాలో నడిచే సర్వీసును బోల్తా కొట్టించడానికి ఇది దారి ఇచ్చింది. అందుకే విండోస్ 11, విండోస్ సర్వర్ 2022తో గెట్‌టెంప్‌పాత్2 అనే కొత్త ఏపీఐ వచ్చింది. సిస్టమ్ అకౌంటు ప్రాసెస్‌లకు అది సిస్టమ్‌టెంప్ అనే వేరే డైరెక్టరీ ఇస్తుంది. అంటే రన్‌టైమ్ అప్‌గ్రేడ్ చేసిన రోజున, కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండానే, టెంప్ చోటు మారిపోవచ్చు. రిమోట్ డెస్క్‌టాప్‌తో లాగిన్ అయినప్పుడు టెంప్ కింద 1, 2 అని సెషన్ నంబరుతో ఉపఫోల్డరు వస్తుంది, లాగాఫ్ చేయగానే పోతుంది. ఇన్‌స్టాలర్‌ను అలాంటి సెషన్‌లో నడిపి, అప్పటి టెంప్ పాత్‌ను కాన్ఫిగరేషన్‌లో రాసేస్తే ఆ సర్వర్ అడ్మిన్ లాగాఫ్ అయ్యేదాకానే బాగుంటుంది.

ఇక రెండో రకం ఫైలు, పూర్తయ్యాక తరలించాల్సినది. సగం రాసిన ఫైలును ఎవరూ చదవకూడదంటే ముందు వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక రీనేమ్ చేయాలన్నది అందరూ నేర్చుకునే పాఠమే. అందులో సగం మంది మరిచే మాట ఒకటుంది: రీనేమ్ ఒక్క దెబ్బకు జరగాలంటే రెండు పాత్‌లూ ఒకే ఫైల్‌సిస్టమ్‌లో ఉండాలి. వేర్వేరైతే లినక్స్ 18 నంబరు ఎర్రర్ ఇస్తుంది, విండోస్ 17 నంబరుది. డెవలపర్ మెషీన్‌లో అంతా ఒకే డిస్కు కాబట్టి ఈ తప్పు కనబడదు. కంటెయినర్‌లో (అప్లికేషన్‌ను విడిగా మూటగట్టి నడిపే పద్ధతిలో) /టీఎంపీ ఒక పొర మీద, అప్‌లోడ్‌ల డైరెక్టరీ మౌంట్ చేసిన వాల్యూమ్ మీద ఉంటాయి కాబట్టి మొదటి అప్‌లోడ్‌కే బయటపడుతుంది.

బయటపడితే అదృష్టమనే చెప్పాలి. జావాలో మామూలు మూవ్, పైథాన్‌లో షటిల్ మాడ్యూల్ మూవ్, పీహెచ్‌పీ రీనేమ్ ఇలాంటప్పుడు కిమ్మనకుండా కాపీ చేసి పాతదాన్ని తుడుస్తాయి. 2 జీబీ ఫైలు కాపీ అవుతున్నంతసేపూ చదివేవాళ్లకు సగం ఫైలే దొరుకుతుంది, మధ్యలో ప్రాసెస్ చస్తే ఆ సగం ఫైలే అసలు పేరుతో మిగిలిపోతుంది. ఏ జాగ్రత్త కోసం ఇంత చేశారో అదే గంగలో కలుస్తుంది. జావాలో అటామిక్ మూవ్ అని అడిగితే కుదరనప్పుడు ఎక్సెప్షన్ వస్తుంది, అలా అడగడమే మేలు. పైథాన్‌లో రీనేమ్ బదులు రీప్లేస్ వాడాలి, ఎందుకంటే పాత ఫైలు ఉంటే విండోస్‌లో రీనేమ్ ఒప్పుకోదు. అన్నిటికంటే తేలిక మార్గం, తాత్కాలిక ఫైలును గమ్యం ఉన్న డైరెక్టరీలోనే చుక్కతో మొదలయ్యే పేరుతో సృష్టించడం. వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ కూడా ప్రాక్సీ కాష్ విషయంలో ఇదే దారి ఇస్తుంది: 'యూజ్_టెంప్_పాత్' ఆఫ్ చేస్తే తాత్కాలిక ఫైళ్లను నేరుగా కాష్ డైరెక్టరీలోనే రాస్తుంది. కరెంటు పోయినా నిలవాలంటే రీనేమ్‌కు ముందు ఎఫ్‌సింక్‌తో డేటాను డిస్కు మీదకు రాయించాలి, లేకపోతే పేరు మారి సైజు సున్నాతో మిగిలిన ఫైలు దొరకవచ్చు.

తరలించిన ఫైలు తన పుట్టింటి గుర్తులు వెంట తెచ్చుకుంటుందన్నది కూడా మరవకూడదు. ఎంకేఎస్‌టెంప్ ఫంక్షను తాత్కాలిక ఫైలును 0600 (యజమాని మాత్రమే చదివి రాయగల) అనుమతితో సృష్టిస్తుంది. రీనేమ్ తర్వాత కూడా అది 0600గానే ఉంటుంది, వేరే వాడుకరి పేరుతో నడిచే ఎన్‌జిన్‌ఎక్స్ దాన్ని చదవలేక 403 (అనుమతి లేదు) ఎర్రర్ ఇస్తుంది. దాన్ని సరిచేసినా 403 పోకపోతే చూడాల్సింది లినక్స్ భద్రతా వ్యవస్థ ఎస్ఈలినక్స్ ఫైలుకు వేసే లేబుల్. మూవ్ చేస్తే /టీఎంపీ లేబులే ఉండిపోతుంది, కాపీ చేస్తే గమ్యానిది వస్తుంది. లేబుల్ సరిచేసే రిస్టోర్‌కాన్ నడిపితే సరి. కానీ గమ్యంలోనే పుట్టిన ఫైలుకు లేబుల్ ఇబ్బంది అసలు ఉండదు.

తుడవడంలో యునిక్స్‌కూ విండోస్‌కూ ఉన్న తేడా పాతదే అయినా ఇప్పటికీ మనుషుల్ని పట్టుకుంటోంది. యునిక్స్‌లో తెరిచి ఉన్న ఫైలును తుడిచేయవచ్చు. పేరు పోతుంది, మూసేదాకా డేటా ఉంటుంది. సృష్టించగానే తుడిచేసి డిస్క్రిప్టర్‌తో (తెరిచిన ఫైలుకు సిస్టమ్ ఇచ్చే నంబరుతో) పనిచేసుకోవడం పాత కిటుకు. ప్రాసెస్ ఎలా చచ్చినా చెత్త మిగలదు. దీని వెనక ఒక ఇబ్బంది ఉంది. డిస్కు నిండిందని డీఎఫ్ కమాండు చెబుతుంది, ఎక్కడ నిండిందో ఫైళ్ల సైజులు కూడే డీయూ కమాండు చెప్పలేకపోతుంది. తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ఎల్ఎస్ఓఎఫ్‌ను ప్లస్ ఎల్1 ఆప్షన్‌తో నడిపితే పేరు లేకుండా తెరిచి ఉన్న ఫైళ్లు, వాటిని పట్టుకున్న ప్రాసెస్‌లు కనిపిస్తాయి.

విండోస్‌లో తెరిచినవాళ్లు తుడిచేందుకు వీలుగా పంచుకుంటేనే తుడవగలం. లేకపోతే 32 నంబరు ఎర్రర్. పైథాన్‌లో పేరున్న తాత్కాలిక ఫైలును తెరిచి ఉంచి, ఆ పేరును వేరే ప్రోగ్రాముకు ఇచ్చి చదవమంటే లినక్స్‌లో నడుస్తుంది, విండోస్‌లో అనుమతి లేదంటుంది. పైథాన్ 3.12లో దీనికోసమే 'డిలీట్_ఆన్_క్లోజ్' అనే ఆర్గ్యుమెంటు చేర్చారు. జావాలో మెమరీ మ్యాప్ చేసిన ఫైలు, గార్బేజ్ కలెక్టరు ఆ మ్యాపింగును వదిలేదాకా విండోస్‌లో తుడవబడదు. ఇవి చాలవన్నట్టు కొత్త ఫైలు కనిపించగానే యాంటీవైరస్ దాన్ని తెరిచి చూస్తుంది, సరిగ్గా అదే క్షణంలో తుడవబోతే తప్పు వస్తుంది. 50 నుంచి 100 మిల్లీసెకన్ల విరామంతో నాలుగైదు సార్లు మళ్లీ ప్రయత్నించే లూప్ ఒకటి పెట్టడం చూడ్డానికి బాగోదు గానీ విండోస్ మీద దానికి ప్రత్యామ్నాయం లేదు.

జావాలోని 'డిలీట్‌ఆన్‌ఎగ్జిట్' సర్వర్లలో అసలు వాడకూడదు. ఇచ్చిన ప్రతి పాత్‌నూ అది జేవీఎం (జావా ప్రోగ్రామును నడిపే ఇంజను) ఆగేదాకా మెమరీలో దాచుకుంటుంది. ఫైలును మనమే తుడిచినా జాబితాలోంచి పేరు పోదు. రోజుకు లక్ష రిక్వెస్టులు వచ్చే సర్వర్‌లో అది నిదానంగా పెరిగే లీకు. పైగా జేవీఎం మామూలుగా ఆగితేనే అది పనిచేస్తుంది. డాకర్ స్టాప్ కంటెయినర్‌కు 10 సెకన్ల గడువిచ్చి ఆపైన బలవంతంగా చంపేస్తుంది, అప్పుడు తుడిచేవాళ్లు ఉండరు. విండోస్ గెట్‌టెంప్‌ఫైల్‌నేమ్‌తోనూ ఇలాంటి పేచీ ఉంది. అది ఇచ్చే పేరులో 16 బిట్ల సంఖ్యే ఉంటుంది కాబట్టి ఒక డైరెక్టరీలో ఒక ప్రిఫిక్స్‌కు 65,535 ఫైళ్లు దాటితే ఇక పేరు దొరకదు. ఆ హద్దుకు దగ్గరయ్యేకొద్దీ ఖాళీ పేరు వెతకడానికే సమయం పెరుగుతూ వచ్చి, ఒకరోజు పూర్తిగా ఆగిపోతుంది.

పేర్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి తెలుగువాళ్లకు నేరుగా తగిలేది ఒకటి. అప్‌లోడ్ చేసినవారు పెట్టిన పేరునే తాత్కాలిక ఫైలు పేరులో కలిపే అలవాటు చాలా కోడ్‌లో ఉంది. లినక్స్ ఫైల్‌సిస్టమ్‌లలో పేరుకు హద్దు 255 బైట్లు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్‌పాయింటూ (యూనికోడ్‌లో సొంత నంబరున్న గుర్తు) 3 బైట్లు, కనుక 85 కోడ్‌పాయింట్లకే హద్దు వచ్చేస్తుంది. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో ఆరు కోడ్‌పాయింట్లు, అంటే 18 బైట్లు. 'స్త్రీ శిశు సంక్షేమ శాఖ దరఖాస్తు నకలు' తరహా పేర్లకు ముందో ప్రిఫిక్సు, వెనకో యాదృచ్ఛిక సంఖ్య చేరిస్తే పేరు మరీ పొడవన్న ఎర్రర్ త్వరగానే వస్తుంది. ఎన్‌టీఎఫ్ఎస్ హద్దు 255 యూటీఎఫ్-16 యూనిట్లు కాబట్టి విండోస్‌లో అదే పేరు ఇబ్బంది లేకుండా పడుతుంది. పోనీ బైట్లు లెక్కపెట్టి కత్తిరిద్దామంటే కోడ్‌పాయింటు మధ్యలో తెగి పేరు చెడిపోతుంది. అసలు పేరును డేటాబేసులో దాచి, డిస్కు మీద అంకెల పేరే పెట్టడం మంచిది. ఎవరో పేరులో రెండు చుక్కలు, స్లాష్ పెట్టి పై డైరెక్టరీల్లోకి ఎగబాకే దారి కూడా దాంతో మూసుకుపోతుంది.

విండోస్ అకౌంటు పేరే తెలుగులో ఉంటే ఇంకో రకం. టెంప్ పాత్ ఆ పేరు గుండానే వెళుతుంది. విండోస్‌లో తెలుగుకు పాత తరహా ఏఎన్ఎస్ఐ కోడ్‌పేజీ (అక్షరాలకు నంబర్ల పట్టీ) లేనే లేదు. ఆ పాత ఏపీఐ వాడే లైబ్రరీకి అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు అందుతాయి, విండోస్ ఫైలు పేర్లలో ప్రశ్నార్థకం నిషిద్ధం. ప్రోగ్రాము మొదలవకుండానే కూలుతుంది. యూనికోడ్ తీసుకునే వైడ్ ఏపీఐలు వాడాలి, లేదా విండోస్ 10 1903 వెర్షన్ నుంచి మేనిఫెస్టులో యూటీఎఫ్-8 కోడ్‌పేజీ అడగవచ్చు.

భద్రత విషయానికొస్తే /టీఎంపీకి 1777 అనుమతి. ఎవరైనా రాయవచ్చు, ఒకరిది ఒకరు తుడవకుండా స్టికీ బిట్ ఆపుతుంది. ముందే ఊహించగల పేరుతో ఫైలు తెరిస్తే, అదే పేరుతో మరొకరు ముందుగా సింబాలిక్ లింకు పెట్టి మన సర్వర్ చేతే వేరే ఫైలును చెరిపించగలరు. లినక్స్ 3.6 నుంచి ఇలాంటి లింకులను ఆపే కెర్నెల్ సెట్టింగు ఉంది, చాలా డిస్ట్రోలు దాన్ని ఆన్ చేసే ఇస్తాయి. కానీ కోడ్ దాన్ని నమ్ముకోకూడదు. పేరు ఇచ్చి ఊరుకునే ఫంక్షను కాకుండా ఫైలును సృష్టించి తెరిచి ఇచ్చేదే వాడాలి. జావాలో పాత ఫైల్ క్లాసు సృష్టించే తాత్కాలిక ఫైలు యూమాస్క్ (కొత్త ఫైళ్ల అనుమతుల సెట్టింగు) ప్రకారం ఇతరులకు చదవడానికి వీలుగా ఉండవచ్చు, జావా 7లో వచ్చిన ఫైల్స్ క్లాసుదైతే 0600. జావా లైబ్రరీ గువావాలో తాత్కాలిక డైరెక్టరీ సృష్టించే ఫంక్షను మీద 2020లో సీవీఈ (భద్రతా లోపాల బహిరంగ పట్టీలో ఎంట్రీ) నమోదైంది ఈ అనుమతుల లోపం వల్లే.

భద్రత కోసం /టీఎంపీని నోఎగ్జెక్‌తో (అక్కడి ఫైళ్లను కోడ్‌గా నడపనివ్వని ఆప్షన్‌తో) మౌంట్ చేసే చోట్ల మరో సమస్య ఎదురవుతుంది. జేఎన్ఏ, స్నాపీ, ఎస్‌క్యూలైట్ జేడీబీసీ, నెట్టీ వంటి జావా లైబ్రరీలు తమ నేటివ్ కోడ్‌ను జార్ ప్యాకేజీ లోంచి టెంప్‌లోకి విప్పి అక్కడి నుంచి లోడ్ చేస్తాయి. నోఎగ్జెక్ మీద అది కుదరదు. ఎర్రర్ లింకు దొరకలేదన్నట్టు ఉంటుంది, అనుమతి మాట చివర్లో ఎక్కడో ఉంటుంది కాబట్టి లైబ్రరీ వెర్షన్ తప్పేమోనని వెతుకుతారు. ఒక్కో లైబ్రరీకి ఒక్కో సెట్టింగు ఉంది, కానీ మొత్తం జేవీఎంకు ఎగ్జెక్ ఉన్న సొంత టెంప్ ఇవ్వడం సులువు. జేవీఎం టెంప్ మార్చినా జేవీఎంను పరిశీలించే జేస్టాక్ వంటి పరికరాలు మాట్లాడే సాకెట్, దాని గణాంకాలుండే హెచ్ఎస్‌పెర్ఫ్‌డేటా డైరెక్టరీ మాత్రం /టీఎంపీలోనే ఉంటాయి. శుభ్రం చేసే ప్రోగ్రాము వాటినీ తుడవగలదు. సర్వీసుకు ప్రైవేట్‌టీఎంపీ (విడి /టీఎంపీ) ఆన్ చేస్తే బయటి నుంచి జావా ప్రాసెస్‌ల పట్టీ ఇచ్చే జేపీఎస్‌కు ఆ ప్రాసెస్ కనిపించదు కూడా.

డిస్కు కాదు, ర్యామ్ అన్న సంగతి మరొకటి. ఫెడోరా 18 నుంచి /టీఎంపీ టీఎంపీఎఫ్ఎస్ అనే ర్యామ్ ఫైల్‌సిస్టమ్ మీద ఉంటోంది. 2025లో వచ్చిన డెబియన్ 13 కూడా ఆ దారి పట్టింది, కొత్త ఇన్‌స్టలేషన్లలో 10 రోజులు, 30 రోజుల తుడుపును కూడా తెచ్చింది. అంతకుముందు డెబియన్ బూట్‌లో మాత్రమే /టీఎంపీని ఖాళీ చేసేది. టీఎంపీఎఫ్ఎస్‌కు మామూలు హద్దు ర్యామ్‌లో సగం. 16 జీబీ మెషీన్‌లో 8 జీబీ. 50 ఎంబీ అప్‌లోడ్‌లు ఒకేసారి 40 వస్తే 2 జీబీ, వాటిని విప్పి మరో నకలు తీస్తే 4 జీబీ. అది డేటాబేసుకూ జేవీఎంకూ దక్కాల్సిన మెమరీ. కంటెయినర్లను నడిపే కుబర్నెటీస్‌లో మెమరీ రకం ఎంప్టీడిర్ (తాత్కాలిక డైరెక్టరీ) వాడితే అందులో రాసిన ప్రతి బైటూ కంటెయినర్ మెమరీ హద్దులో లెక్కపడి, ఫైలు పెద్దదైతే పాడ్ (కంటెయినర్లు నడిచే యూనిట్) చస్తుంది. లాగ్‌లో మెమరీ చాలలేదని ఉంటుంది, జావా మెమరీ నకలైన హీప్ డంప్‌లో ఏమీ కనబడదు. స్క్రాచ్ అనే ఖాళీ కంటెయినర్ ఇమేజ్ మీద కట్టిన గో ప్రోగ్రాముకు /టీఎంపీయే ఉండదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేసు రెప్లికాకు (నకలు సర్వర్‌కు) టెంప్‌ను ర్యామ్ మీద పెట్టకూడదని దాని మాన్యువల్ చెబుతుంది, ఎందుకంటే లోడ్ డేటా రెప్లికేషన్‌కు కావలసిన ఫైళ్లు రీస్టార్ట్‌ను తట్టుకోవాలి.

కొత్తగా సర్వర్ రాసేవాళ్లు చేయాల్సింది ఇంతే అనిపిస్తుంది. టెంప్‌కు సొంత సెట్టింగు ఒకటి పెట్టి, అది లేనప్పుడే సిస్టమ్‌ది అడగాలి. స్టార్ట్ అయ్యేటప్పుడు దాని కింద ఈ ప్రాసెస్‌కు మాత్రమే చెందిన డైరెక్టరీ 0700తో సృష్టించాలి. అందులో ఫైలు రాసి, గమ్యంలోకి రీనేమ్ చేసి, తుడిచి చూడాలి. ఏది విఫలమైనా సర్వర్ స్టార్ట్ కాకూడదు, రాత్రి రెండింటికి మొదటి అప్‌లోడ్‌తో తెలియడం కంటే డిప్లాయ్ చేసినప్పుడే ఆగడం నయం. తేలిన పూర్తి పాత్ లాగ్ మొదట్లో ఒక లైనుగా పడాలి. పోయినసారి చచ్చిన ప్రాసెస్ చెత్తను తుడిచేటప్పుడు వయసు ఒక్కటే చూస్తే పక్కన నడుస్తున్న ఇంకో ఇన్‌స్టెన్స్ ఫైళ్లు పోతాయి. ప్రతి డైరెక్టరీలో ఒక లాక్ ఫైలు పట్టుకుని ఉంచి, లాక్ దొరికిన డైరెక్టరీనే చచ్చినదిగా తీసుకోవాలి. డైరెక్టరీ మీదే ఎఫ్‌లాక్ పట్టుకుంటే సిస్టమ్‌డీ-టీఎంపీఫైల్స్ కూడా దాని జోలికి రాదు.

సర్వీసు నడిపేవాళ్ల వైపు నుంచి ఇంకా తేలిక. సిస్టమ్‌డీ యూనిట్‌లో రన్‌టైమ్‌డైరెక్టరీ అని రాస్తే /రన్ కింద, కాష్‌డైరెక్టరీ అంటే /వార్/కాష్ కింద, స్టేట్‌డైరెక్టరీ అంటే /వార్/లిబ్ కింద సరైన యజమానితో డైరెక్టరీ తయారవుతుంది, పాత్ ఎన్విరాన్‌మెంట్‌లో అందుతుంది. మొదటిది సర్వీసు ఆగగానే పోతుంది, సాకెట్లకు అదే కావాలి. అది కూడా ర్యామ్ మీదిదే కనుక పెద్ద అప్‌లోడ్‌లకు కాష్ డైరెక్టరీ వాడాలి. విండోస్‌లో ప్రోగ్రామ్‌డేటా కింద ప్రొడక్టు పేరుతో ఫోల్డరు పెట్టుకోవచ్చు, కానీ అక్కడ మామూలు వాడుకరులకు కూడా సృష్టించే హక్కు వారసత్వంగా వస్తుంది. ఇన్‌స్టాలర్ ఆ వారసత్వాన్ని తెంచి, సర్వీసు అకౌంటుకూ అడ్మిన్లకూ మాత్రమే హక్కులు రాయాలి. స్ప్రింగ్ బూట్ పాత వెర్షన్ మీద ఇరుక్కున్నవాళ్లకు 'సర్వర్.టామ్‌క్యాట్.బేస్‌డిర్' అనే ఒక్క సెట్టింగు చాలు. దాన్ని /వార్/కాష్ కిందికి మార్చి రీస్టార్ట్ చేశాక, కొత్త టామ్‌క్యాట్ డైరెక్టరీ /టీఎంపీలో పుట్టలేదని ఒకసారి చూసుకోవాలి.